ఇంటి ముందు పేవర్ బ్లాకులు: ఏవి కొనాలి, ఎలా వేయించాలి

ఇంటి ముందు జాగాలో పేవర్లు వేయించాలనుకున్న వాళ్లు బ్లాకులు అమ్మే యార్డుకు వెళ్లగానే చూసేది రంగు. ఎరుపూ పసుపూ కలిపి వేయాలా, ఒకే బూడిద రంగు సరిపోతుందా అని ఇంటిల్లిపాదీ వాదించుకుంటారు. ఈలోగా యార్డు అతను "కారు ఎక్కినా ఏం కాదు సార్" అని ఒక్క మాటతో మిగతావన్నీ తేల్చేస్తాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి చక్రాలు తిరిగే చోట గాళ్లు పడతాయి, అందులో నీళ్లు నిలుస్తాయి, గోడ వారన పాచి పడుతుంది. మన దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం, ఎక్కడ చూసినా ఇదే వరస.

కాబట్టి రంగును చివరికి నెట్టి, ముందు రెండు సంగతులు తేల్చుకోండి. దాని మీదికి ఏ బండి ఎక్కుతుంది? దాని మీద పడ్డ నీళ్లు ఎటు పోతాయి? ఈ రెండూ తేలితే మందం, రకం, ఆకారం చాలావరకు తేలిపోయినట్టే.

1. బండ్ల లెక్క రాసుకోండి

ఒక కాగితం మీద జాగా బొమ్మ గీయండి. గేటు, మెట్లు, సెప్టిక్ ట్యాంకు, బోరు, కుళాయి పైపు వెళ్లే దారి గుర్తు పెట్టండి. ఆ తర్వాత ఏ భాగం మీదికి ఏది వస్తుందో రాయండి. మీ కారు, బైకులు మాత్రమే రాసి ఊరుకోకండి. ధాన్యం దింపడానికి ట్రాక్టరు లోపలికి వస్తుందా? ఎండాకాలం నీళ్ల ట్యాంకరు వస్తుందా? ఇంకో రెండేళ్లలో పైన అంతస్తు వేసే ఆలోచన ఉందా? ఉంటే ఇసుక, కంకర, ఇనుము మోసుకొచ్చే బండ్లన్నీ ఈ బ్లాకుల మీదుగానే పోతాయి. ఇల్లు కట్టేటప్పుడు వచ్చే బరువు, కట్టాక రోజూ వచ్చే బరువుకి ఎన్నో రెట్లు.

మన దేశంలో సిమెంటు పేవర్ బ్లాకులకు ఐఎస్ 15658 అనే ప్రమాణం ఉంది. 2006లో వచ్చింది, 2021లో సవరించారు. బండ్ల రద్దీని బట్టి అందులో తరగతులు ఉన్నాయి. మనుషులు నడిచే చోటికి ఎం 30 గ్రేడు, 50 మి.మీ. మందం. కార్లు నిలిపే చోటు, ఇళ్ల ముందు దారుల వంటి తేలికపాటి రద్దీకి ఎం 35, 60 మి.మీ. చిన్న వీధులు, బజారు రోడ్ల స్థాయికి ఎం 40, 80 మి.మీ. ఆ పైన 100, 120 మి.మీ.వి పెద్ద లారీల సంగతి, ఇంటికి అక్కర్లేదు. ఎం పక్కన ఉన్న అంకె 28 రోజులకు ఆ కాంక్రీటు ఎంత నొక్కుడు తట్టుకుంటుందో చెబుతుంది.

నా లెక్క ఇది. కారు, బైకులు మాత్రమే అయితే 60 మి.మీ. చాలు. ట్రాక్టరుగానీ ఇసుక లారీగానీ ఒక్కసారైనా లోపలికి వస్తుందనుకుంటే, ఆ దారి మటుకు 80 వేయించండి. మెట్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే చోటికి 50 సరిపోతుంది. కానీ పక్కపక్కనే రెండు మందాలు పెడితే మేస్త్రి కింద ఎత్తు సర్దలేక తిప్పలు పడతాడు, కాబట్టి అక్కడ కూడా 60 వేసేయడం నయం. సెప్టిక్ ట్యాంకు మూత మీద బ్లాకులు వేయొచ్చు, అవసరమైతే తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. కానీ ట్యాంకు కప్పు బండి బరువుకని కట్టింది కాకపోతే పైన ఎంత మందం బ్లాకు వేసినా ఆ బరువు కప్పు మీదే పడుతుంది. చక్రం అటు రాకుండా ఒక పూలకుండీ వరస అడ్డం పెట్టండి.

2. నీళ్ల దారి

మన వైపు వాన కాస్త కాస్తగా పడి ఊరుకునే రకం కాదు. 2013 ఫైలిన్, 2018 అక్టోబరు తిత్లీ చూసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. బ్లాకుల సందుల్లోంచి కొంత నీరు దిగుతుంది గానీ ఆ వానకు అది ఏ మూలకూ చాలదు. నీరు పైనుంచి జారిపోవాలి.

ప్రతి పది అడుగులకు రెండున్నర అంగుళాల వాలు పెట్టించండి. వాలు ఇంటి గోడ వైపు కాకుండా బయటి వైపు ఉండాలి. ఇరవై అడుగుల దారికి ఐదంగుళాల తేడా వస్తుంది, కంటికి పెద్దగా తెలియదు. మేస్త్రి దగ్గర ఉండే లెవెల్ పైపుతో రెండు చివర్లా గుర్తులు పెట్టించి దారం కట్టించండి. కంటితో చూసి "వాలు ఉంది బాబూ" అంటే ఒప్పుకోవద్దు. బ్లాకుల పై మట్టం ఇంటి పునాది మట్టానికి కనీసం ఆరంగుళాలు కిందే ఉండాలి. మెట్టు తగ్గుతుందని, చూడ్డానికి బాగుంటుందని మట్టం పైకి లేపితే వానాకాలం గోడలోకి చెమ్మ ఎక్కుతుంది.

గేటు దగ్గర వీధి కాలువ ఎత్తుగా ఉంటే నీళ్లు బయటికి పోవు. కొన్నేళ్లకొకసారి రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుతూ పోతారు కదా, పాత ఇళ్లకు ఇదే గొడవ. అలాంటి చోట గేటు లోపలే అడ్డంగా ఒక జాలీ కాలువ పెట్టి, దాన్ని పక్కకు తిప్పాలి. ఆ పని బ్లాకులు కొనకముందే అవ్వాలి.

3. ఏ రకం

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే అన్నీ "పార్కింగ్ టైల్స్" అనే పేరు మీదే అమ్ముడవుతున్నాయి.

అచ్చంగా పార్కింగ్ టైల్స్ అనేవి పలచన. సెరామిక్‌వి అయినా, గళ్ల గళ్ల సిమెంటువి అయినా కింద గట్టి కాంక్రీటు పోసి దాని మీద అతికించాలి. కాంక్రీటు పగిలితే టైలూ పగులుతుంది, ఒక్కటి మార్చాలంటే చుట్టూ నాలుగు పోతాయి. పేవర్ బ్లాకు పని వేరు. కింద ఇసుక మీద కూర్చుంటుంది, పక్క బ్లాకులతో పట్టుకుని బరువు పంచుకుంటుంది. పైపు లీకైతే పది బ్లాకులు తీసి, బాగు చేసి, అవే మళ్లీ పెట్టేయొచ్చు. మన ఊళ్లలో ఏడాదికోసారి ఏదో ఒక పైపు కోసం తవ్వుతూనే ఉంటాం కాబట్టి నాకు ఇదే పెద్ద లాభంగా కనిపిస్తుంది.

గ్రానైట్ మనకు దగ్గరే. టెక్కలి వైపు క్వారీలు పర్లాకిమిడికి ఎంతో దూరం కావు. ఇల్లు కట్టిన వాళ్లకు మిగిలిన ముక్కలు చవగ్గా దొరుకుతాయి. కానీ మెరుగు పెట్టిన గ్రానైట్ బయట వేయకండి, తడిస్తే జారుతుంది. గరుకుగా కాల్చిన రకం, లేదా చేత్తో కొట్టిన మందపాటి రాయి అయితే ఇక ఎదురులేదు. పలచటి పలకలైతే మాత్రం కింద కాంక్రీటు లేకుండా కారు ఎక్కించకూడదు.

బరంపురం నుంచి పైకి పోతే ఎర్రటి మాంకడా పథర దొరుకుతుంది, అదే లేటరైట్. తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలే కొద్దీ గట్టిపడే రాయి. గోడలకు, తోటలో నడిచే దారికి అందంగా ఉంటుంది. పైన చిల్లులు చిల్లులుగా ఉంటుంది కాబట్టి నీళ్లు పట్టి పాచి పేరుతుంది, చక్రాల కింద అంచులు రాలతాయి. కారు దారికి వద్దు.

రాయగడ, కోరాపుట్ కొండల్లో దొరికే ఖొండలైట్ గురించి కూడా ఒక మాట. ఖోండుల పేరు మీదే ఆ రాయికి ఆ పేరు వచ్చింది. కోణార్క గుడిలో ఎక్కువ భాగం అదే. అక్కడి శిల్పాల ముఖాలు ఎలా అరిగిపోయాయో చూసిన వాళ్లకు, వానకు ఆ రాయిలోని కొన్ని ఖనిజాలు మట్టిలా మారిపోతాయని వేరే చెప్పనక్కర్లేదు. "మన కొండ రాయే కదా, ఊరికే వస్తోంది" అని తెచ్చి వాకిట్లో పరిస్తే తర్వాత బాధపడాలి.

మామూలు ఇటుకలు, ఫ్లై యాష్ ఇటుకలు గోడ కోసం చేసినవి. వాటిని పరచకండి.

కాబట్టి చాలా ఇళ్లకు సిమెంటు పేవర్ బ్లాకే. అందులోనూ రెండు రకాలు. ఒకటి రబ్బరు లేదా ప్లాస్టిక్ అచ్చుల్లో జారుగా కలిపిన కాంక్రీటు పోసి, బల్ల మీద వణికించి చేసేది. అద్దంలా మెరుస్తుంది, రంగు కొట్టొచ్చినట్టు ఉంటుంది. రెండోది పొడిగా కలిపిన కాంక్రీటును యంత్రంలో గట్టిగా నొక్కి, వణికించి చేసేది. పైన సన్నటి ఇసుక కాగితంలా గరుకుగా ఉంటుంది, చూడ్డానికి అంత సోకుగా ఉండదు. కారు దారికి నేను రెండోదే చెబుతాను. మెరిసేది తడిస్తే జారుతుంది, ఆ మెరుపు కూడా ఎక్కువ కాలం నిలవదు. ముసలివాళ్లు ఉన్న ఇంట్లో అయితే మెరిసే రకం మాటే ఎత్తొద్దు.

4. యార్డులో చేయాల్సిన పరీక్షలు

ముందు బ్లాకులు ఎప్పుడు పోశారో అడగండి. కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు లెక్క. నిన్న మొన్న పోసి, ఒక రోజు నీళ్లు కొట్టి, బండికెక్కించేవి చాలా ఉంటాయి. బ్లాకులకు గోనెలు కప్పి నీళ్లు పెడుతున్నారా, ఎండలో వదిలేశారా, కళ్లతో చూడండి. గ్రేడు ఎంతో చెప్పే పరీక్ష రిపోర్టు ఉంటే చూపించమనండి, లేదంటే "నమ్మండి సార్" అనే మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీ ఇష్టం.

రెండు బ్లాకులు చేతుల్లోకి తీసుకుని ఒకదానికొకటి తట్టండి. ఖంగుమనాలి. చప్పగా మోగితే లోపల బోలుగానో పచ్చిగానో ఉన్నట్టు. తాళం చెవితో పైన గట్టిగా గీయండి. తెల్లటి గీత పడితే పరవాలేదు, పొడి రాలితే పక్కన పెట్టేయండి. మూలలు బొటనవేలితో నొక్కి చూడండి.

ఇక ఒక బ్లాకు డబ్బులిచ్చి కొని అక్కడే పగలగొట్టించండి. సుత్తి దెబ్బకు రెండుగా చీలిన ముఖంలో చూడాల్సినవి ఉన్నాయి. పై రంగు పొర ఎంత మందం ఉంది? వెంట్రుకవాసి ఉంటే చక్రాల దారిలో త్వరగానే లోపలి బూడిద రంగు బయటపడుతుంది. పొరకూ కింది కాంక్రీటుకూ మధ్య గీతలా విడిపోయిందా? కంకర అంతటా సమానంగా ఉందా, కిందికి దిగిపోయి పైన వట్టి సిమెంటు గుజ్జు మిగిలిందా? తేనెపట్టులా చిల్లులు ఉన్నాయా? మంచి బ్లాకులో చీలిక కంకర రాళ్లను కూడా చీల్చుకుంటూ పోతుంది. రాళ్లు చెక్కుచెదరకుండా ఊడి వచ్చి, వాటి గుంటలు మిగిలితే సిమెంటు తక్కువైనట్టు.

ఇంటికి ఇంకో రెండు బ్లాకులు తెచ్చుకోండి. మూడు రోజులు బాగా ఎండబెట్టి, వంటింటి తూకం మీద బరువు చూడండి. 200 x 100 x 60 మి.మీ. బ్లాకు సుమారు 2.7 కిలోలు తూగుతుంది. ఒక పూర్తి రోజు బకెట్ నీళ్లలో ముంచి, తీసి, గుడ్డతో తుడిచి మళ్లీ తూయండి. ప్రమాణం ప్రకారం బ్లాకులు తాగే నీరు సగటున 6 శాతం మించకూడదు. అంటే ఈ బ్లాకుకు పెరిగిన బరువు దాదాపు 160 గ్రాముల లోపు ఉండాలి. ల్యాబులో అయితే ఓవెన్‌లో ఆరబెడతారు, ఇంటి లెక్క అంత కచ్చితం కాదు. అయినా 250 గ్రాములు తాగిన బ్లాకును చూశాక ఇంకే ల్యాబూ అక్కర్లేదు. ఎక్కువ నీరు తాగేది ముందు పాచి పడుతుంది, తర్వాత పొడి రాలుతుంది. కోరాపుట్ వైపు వానలు, మంచు ఎక్కువ కాబట్టి అక్కడి వాళ్లు ఈ పరీక్ష మానకండి.

5. ఆకారం, రంగు, ముగ్గు

బండి తిరిగే చోట వంకీల ఆకారం, లేదా మామూలు ఇటుక ఆకారాన్నే ఏటవాలుగా ఒకదానికొకటి అడ్డం పెట్టి చేప ముల్లులా పరిచే తీరు మంచిది. బ్రేకు వేసినప్పుడు, చక్రం తిప్పినప్పుడు బ్లాకులు పక్కకు జరగవు. వరసగా నిలువు గీతల్లో పరిస్తే కొన్నాళ్లకు ఆ గీతలే పామై వంకర పోతాయి. కూర్చునే చోట ఏ తీరైనా మీ సరదా.

రంగు విషయంలో ఎండ గుర్తు పెట్టుకోండి. మే నెలలో మధ్యాహ్నం నల్ల బ్లాకు మీద వట్టి కాళ్లతో అడుగు పెట్టలేం. లేత బూడిద, లేత ఎరుపు నయం. మొదటి ఏడాది బ్లాకుల మీద తెల్లటి ఉప్పు పొర తేలడం మామూలే, వానలకు పోతుంది, యాసిడ్ పోసి కడగొద్దు.

ఆడవాళ్లను అడగకుండా ఆకారం తేల్చే మగవాళ్లకు ఒక హెచ్చరిక. వంకీల సందుల మీద ముగ్గు కుదరదు. చుక్కలు సందుల్లో పడిపోతాయి, గీత తెగుతుంది. ధనుర్మాసం నెలంతా మాట పడాల్సి వస్తుంది. పక్కింటి ఒడియా వాళ్లకు కూడా మార్గశిర గురువారాల్లో బియ్యప్పిండితో ఝోటి వేయడానికి ఇదే చిక్కు. గుమ్మం ముందు నాలుగైదు అడుగుల చదరం వదిలి, అక్కడ గరుకు గ్రానైటో కడప రాయో వేయించి, మిగతాది బ్లాకులు పరిస్తే గొడవ ఉండదు. అలాగే చోళ్లు, ఆవాలు, ధాన్యం ఎండబోసుకునే అలవాటు ఉన్న ఇంట్లో అంచులు చెక్కిన బ్లాకులు వేస్తే సగం గింజలు సందుల్లోకే పోతాయి. అంచు చెక్కని రకం అడగండి, లేదా ఎండబోసే మూల మామూలు గచ్చుగానే ఉంచండి.

6. లెక్క, బేరం

పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు దారి అనుకుందాం. 200 చదరపు అడుగులు. 200 x 100 మి.మీ. బ్లాకులు చదరపు మీటరుకు 50, అంటే దాదాపు 930. కోతకు, పగుళ్లకు ఐదు శాతం కలిపి 975 కొనండి. 60 మి.మీ. అయితే మొత్తం రెండున్నర టన్నుల పైమాటే, 80 అయితే మూడున్నరకు దగ్గర. బండి మాట్లాడేటప్పుడు ఇది చెప్పండి.

అన్నీ ఒకే దఫాలో తెచ్చుకోండి. వేర్వేరు రోజుల్లో పోసిన బ్లాకుల రంగు కలవదు. పరిచేటప్పుడు కూడా రెండు మూడు గుట్టల్లోంచి కలిపి తీయమనండి, తేడా ఉన్నా మచ్చగా కనిపించదు. ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి తెప్పిస్తే రాష్ట్రం దాటే సరుకు అవుతుంది. విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు తీసుకునే జీఎస్టీ పత్రం, ఉండాలి. బిల్లు లేకుండా చవగ్గా ఇస్తామనే వాళ్ల బండి దారిలో తనిఖీకి ఆగితే టెన్షన్ మీదే.

పరిచే కూలీ చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడతారు. అందులో తవ్వకం, కంకర, దిమ్మిస, ఇసుక, అంచు కట్టు ఏవి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి.

7. కింద ఏముందో నిలబడి చూడండి

బ్లాకులకు పెట్టినంత శ్రద్ధ కింద పెట్టరు, గాళ్లు పడేది అందుకే. కొత్త కాలనీలు చాలావరకు ఒకప్పటి వరి పొలాలు. పైనున్న బంకమన్ను తీసేయాలి. కారు దారికి ఆరంగుళాల కంకర, ఇసుక, బ్లాకు మందం అన్నీ కలిపి పదంగుళాల వరకు తవ్వకం పడుతుంది. మన్ను ఇంకా మెత్తగా ఉంటే మరికాస్త తవ్వి ఎర్ర గ్రావెల్, ఒడిశా వైపు మోరం అంటారే, అది నింపించండి. ఒకేసారి పోసి పైపైన తొక్కిస్తే లాభం లేదు. మూడు నాలుగంగుళాల పొరలుగా పోసి, కాస్త తడిపి, ప్లేట్ కాంపాక్టర్ (నేలను కొట్టి అదిమే యంత్రం) అద్దెకు తెచ్చి కొట్టించాలి. చిన్న జాగాకైతే చేతి దిమ్మిసతో ఓపిగ్గా కొట్టినా సరే. పైన చెప్పిన దారికి కంకర 125 ఘనపుటడుగులు, ఇసుక 25 చొప్పున లెక్క వేసుకోండి.

బ్లాకుల కింద ఇసుక ఒక అంగుళం నుంచి అంగుళంన్నర లోపే. రెండు ఇనుప పైపులు సమాంతరంగా పెట్టి, వాటి మీద సాపు చెక్క లాగితే ఒకే మందం వస్తుంది. వంశధార, నాగావళి ముతక ఇసుక బాగుంటుంది. క్రషర్ డస్టు చవక అని అందరూ వాడేస్తున్నారు గానీ అందులోని మెత్తటి పొడి నీళ్లు పట్టుకుని వానాకాలం బురదలా అవుతుంది. కంకర పొర సరిగా లేని చోట ఎత్తు సర్దడానికి ఇసుకే మందంగా పోయడం ఇంకో అలవాటు. అది జరుగుతుంటే ఆపండి.

మేస్త్రి ఒక దశలో కచ్చితంగా అంటాడు: "బాబూ, సందుల్లో సిమెంటు పోసేద్దాం, జన్మలో కదలదు." "వద్దు మేస్త్రీ గారూ, పొడి ఇసుకే పోయండి" అనండి. సిమెంటు పోస్తే బ్లాకులన్నీ కలిసి ఒక పలచటి పలక అవుతాయి, కింద కాస్త కుంగగానే ఎక్కడో ఒక చోట చీలతాయి. సిమెంటు పడాల్సింది అంచుల్లో. చుట్టూ కాంక్రీటు అంచు కట్టు లేకపోతే చివరి వరస బయటికి జరుగుతుంది, దాని వెనకే రెండోది. చివర్లో కోసి పెట్టే ముక్క బ్లాకులో మూడో వంతు కంటే చిన్నది కాకుండా చూడండి, చిన్న ముక్కలు ఊడొస్తాయి.

పరిచాక ఒకసారి కాంపాక్టర్, ఆ తర్వాత సన్నటి పొడి ఇసుక సందుల్లోకి ఊడ్చి, మళ్లీ కాంపాక్టర్. ఇసుక తడిగా ఉంటే సందులోకి దిగదు, అందుకే ఈ పని ఎండాకాలంలోనే, తొలకరికి ముందే ముగించుకోవాలి. ఒక బకెట్ నీళ్లు గేటుకు దూరంగా ఉన్న మూలలో కుమ్మరించి ఎటు పోతాయో చూశాకే మేస్త్రికి చివరి డబ్బులు ఇవ్వండి.

8. తర్వాత

మొదటి వానాకాలం అయ్యాక సందుల్లో ఇసుక కొంత దిగిపోతుంది, మళ్లీ పొడి ఇసుక ఊడ్చండి. పాచి పడితే గట్టి చీపురు, నీళ్లు, కాస్త బ్లీచింగ్ పౌడరు చాలు. ఒత్తిడితో నీళ్లు కొట్టే యంత్రం వాడితే సందుల్లో ఇసుక లేచిపోతుంది, వాడిన ప్రతిసారీ నింపాలి. ఒకే చోట కుంగితే ఆ బ్లాకులు మాత్రం తీసి, కింద కంకర సరిచేసి, ఇసుక వేసి మళ్లీ పెట్టించండి. మిగిలిన పాతిక ముప్పై బ్లాకులు ఎవరికీ ఇచ్చేయకుండా ఇంటి వెనక వానకూ ఎండకూ తగిలేలా పేర్చి ఉంచండి. నీడలో దాస్తే అవి కొత్త రంగులోనే ఉండిపోయి, తర్వాత మార్చిన చోట అతుకు వేసినట్టు కనిపిస్తుంది.